ఎన్నూరు ఏట్లో మళ్లీ వల వేసేదాకా

2023 డిసెంబర్ 5 పొద్దున్నే మా మామ చెన్నైకి ఉత్తరాన ఉన్న మా ఎన్నూరు ఏటి ఒడ్డు నుంచి ఫోన్ చేసి ఒకే మాట అన్నాడు. "పడవ నల్లగా ఉందిరా."

మా పడవ నీలం రంగు. మిచాంగ్ తుఫాను రెండు రోజులు విడవకుండా కురిసి అప్పుడే తెరిపి ఇచ్చింది. కరెంటు లేదు, వీధిలో మోకాలి లోతు నీళ్లు. వరద బురద పట్టి ఉంటుందిలే అనుకుంటూ వెళ్లాను. ఒడ్డు ఇంకా కనపడకముందే పెట్రోలు బంకులో నిలబడ్డట్టు వాసన కొట్టింది. ఏరంతా నల్లటి తెట్టు. పడవ అంచుకి, లంగరు తాడుకి, లోపల కుప్పగా వేసిన వలకి, మడ చెట్ల మొదళ్లకి, అన్నిటికీ ఒకే ఎత్తులో నల్ల గీత. వరద ఎంతవరకు లేచిందో ఎవరో కొలిచి రంగు పూసినట్టు ఉంది.

మనలి వైపు పారిశ్రామిక ప్రాంతం నుంచి నూనె వరదనీటితో కలిసి బకింగ్‌హాం కాలువలోకి, అక్కడి నుంచి మా ఏట్లోకి, చివరికి ముఖద్వారం దాటి సముద్రంలోకి పోయింది. తప్పు ఎవరిది, ఎంత కట్టాలి అన్నది నేను తేల్చేది కాదు. హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచి తనంతట తానే కేసు తీసుకుంది. నేను చెప్పేది ఆ పొద్దుటి నుంచి మళ్లీ మా చేపని ఒకరు డబ్బిచ్చి కొనేదాకా జరిగిన సంగతి.

మాది అసలు పులికాట్ ఒడ్డు, తడ దగ్గర. మేనమామ కూతుర్ని చేసుకుని ఎన్నూరు వచ్చాను. ఇక్కడ వేటకి ఒక కట్టుబాటు ఉంది. ఏ కుప్పం (జాలరి పేట) వాళ్లు ఏ రోజు ఏ చోట వల కట్టాలో పెద్దలు వంతులు పెడతారు. ఆ వంతుని తమిళంలో పాడు అంటారు. కొత్తగా వచ్చినప్పుడు మామ "రేపు మన పాడు" అంటే ఏం పాడైందోనని కంగారు పడ్డాను. ఆ డిసెంబర్‌లో మాత్రం రెండు భాషల్లోనూ ఆ మాటకి ఒకటే అర్థం.

మా వాళ్లకి నూనె కొత్తేం కాదు. 2017 జనవరి 28న ఇక్కడి రేవు బయట రెండు ఓడలు గుద్దుకున్నప్పుడు ఎర్ణావూరు రాళ్ల మీద ముద్దలు ముద్దలుగా పేరుకున్న నూనెని బక్కెట్లతో తోడారు. అప్పుడు ఏటి వేట దాదాపు మామూలుగానే సాగిందని మామ చెప్తాడు. సముద్రంలో పడ్డ నూనెని అల కొట్టి కొట్టి విడగొడుతుంది, ఎండ కాలుస్తుంది. ఏట్లో అల ఏది? నీళ్లు పోటుకి లోపలికి వస్తాయి, ఆటుకి బయటికి పోతాయి. నూనె కూడా అదే పని చేస్తుంది, పొద్దున పోయిందనుకుంటే సాయంత్రానికి తిరిగి వస్తుంది. పైగా థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిద గొట్టాల పుణ్యమా అని మా ఏరు ఎప్పుడో మెరక వేసింది. లోతు తక్కువ, బురద ఎక్కువ. నూనె దాక్కోవడానికి ఇంతకంటే మంచి చోటు ఉండదు.

మొదటి వారం వేట లేదు, ఉన్న పని నూనె తోడటమే. కూలీ ఇస్తామన్నారు, వెళ్లాం. పడవలో పీపా, చేతిలో మగ్గు. మగ్గుతో నూనె తోడితే వచ్చేది సగం నీళ్లే. తెట్టుని తెడ్డుతో ఒడ్డుకి తోసి, మడ చెట్ల మూలలో పోగుచేసి, అప్పుడు తోడితే కొంత నయం. ఇది మాకు ఎవరూ నేర్పలేదు, చెత్త నాచు తీసేటప్పటి అలవాటు. గ్లవుజులు రెండు మూడు రోజులకి గానీ చేతికి రాలేదు. ఆలోపే నా ముంజేతుల మీద దద్దుర్లు లేచాయి, కళ్లు మండాయి. సబ్బుకి ఆ జిడ్డు వదల్లేదు. మా ఆవిడ కొబ్బరినూనె రాసి పాత గుడ్డతో తుడిచి, ఆ తర్వాత సబ్బు పెడితే వదిలింది. నూనెని నూనెతోనే వదిలించాలి. చర్మం మీద కిరోసిన్ మాత్రం వాడకండి, నా పక్కవాడు వాడి తోలు ఊడగొట్టుకున్నాడు.

ఇప్పుడు నా తెలివితక్కువ పని గురించి. పడవని అలా చూడలేక నాలుగో రోజే ఒడ్డుకి లాగి, రెండు లీటర్ల డీజిల్ పోసి, పీచుతో రుద్ది రుద్ది నీలం రంగు బయటికి తెచ్చాను. ఫైబర్ పడవ కాబట్టి వచ్చింది. చూసినవాళ్లు మెచ్చుకున్నారు కూడా. ఆ తర్వాత ఎవరికెంత నష్టమైందో లెక్క రాసుకునే వాళ్లు వచ్చారు. ఒకాయన నా పడవ చుట్టూ తిరిగి "దీనికేం కాలేదుగా?" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. మామ వెంటనే వలల మూట తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పడేశాడు. "పడవ కడిగాడయ్యా పిచ్చోడు. ఇది కడగలేదు, చూడు." ఆయన ఫోటో తీసుకున్నాడు గానీ వలలకి కాలమ్ లేదన్నాడు. చివరికి నా పడవ మీదే నూనె తోడుతున్నప్పుడు పక్క కుప్పం కుర్రాడు తీసిన వీడియో దొరికింది. అందులో పడవ నెంబరు, దాని మీద నల్ల గీత రెండూ కనిపించాయి. అలా లిస్టులో ఎక్కాను. ఎవరికైనా ఇలాంటిది జరిగితే ముందు ఫోటో, తర్వాతే పీచు. నెంబరు కనపడేలా ఒకటి, దగ్గర్నుంచి ఒకటి, వలలది విడిగా ఒకటి. వాట్సాప్‌లో ఎవరికైనా పంపి ఉంచితే తారీఖు కూడా నిలుస్తుంది.

సాయం కింద ప్రభుత్వం నష్టపోయిన మత్స్యకార కుటుంబానికి 12,500, పడవకి 10,000 రూపాయలు ప్రకటించింది. రేషన్ కార్డు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, సంఘం కార్డు తీసుకుని మూడుసార్లు లైన్లో నిలబడ్డాను. ఒకసారి పాస్‌బుక్‌లో నా ఇంటిపేరు వేరే రకంగా ఉందని వెనక్కి పంపారు. అది తడలో తెరిచిన ఖాతా, స్పెల్లింగు అక్కడివాళ్లది. డబ్బు వచ్చింది, రాలేదని అనను. కానీ మా ఆవిడ గంప ఎత్తుకుని వీధుల్లో చేపలు అమ్ముతుంది. నా వేట ఆగితే తన వ్యాపారం కూడా ఆగినట్టే, అది ఏ లిస్టులోనూ లేదు. నడుం లోతు నీళ్లలో దిగి చేత్తో బురద తడిమి రొయ్యలు పట్టే ఇరుళర్ తెగ ఆడవాళ్లకి పడవా లేదు, చాలామందికి సంఘం కార్డూ లేదు. ఒళ్లంతా ఆ నీళ్లలో పెట్టేది వాళ్లే.

ఈలోగా డిసెంబర్ 26 రాత్రి సముద్రంలో ఒక పైపు నుంచి అమ్మోనియా లీకైంది. అర్ధరాత్రి పిల్లల్ని ఎత్తుకుని జనం వీధుల్లో పరిగెత్తారు. మా టెన్షన్‌కి అదొక కొసరు.

వలల సంగతి చెప్పాలి. నైలాన్ వలకి తారు పడితే కన్ను కన్నుకీ అంటుకుంటుంది. డీజిల్‌లో నానబెడితే తారు కరుగుతుంది, కానీ ఆ వాసన దారంలో ఉండిపోయి తర్వాత పడిన ప్రతి చేపకీ అంటుతుంది. రెండు వలలు అలా చేసి చూసి చివరికి పారేశాను. సీసం గుండ్లు, బెండ్లు మాత్రం ఊడదీసి కడుక్కున్నాను, కొత్త వల ఖర్చులో అవే కాస్త ఆదా. విసురు వల ఒకటి ఇంట్లో అటక మీద ఉండబట్టి బతికింది.

మళ్లీ ఎప్పుడు దిగొచ్చు? మాకైతే ఎవరూ వచ్చి చెప్పలేదు. మామ తన లెక్క తాను పెట్టుకున్నాడు. నీటి మీద రంగురంగుల పొర కనిపిస్తే గడకర్రతో గీసేవాడు. గాజు పెంకుల్లా ముక్కలై, ముక్కలుగానే నిలిచిపోతే అది బురదలో పుట్టే పొర, భయం లేదు. గీత పడి మళ్లీ కలిసిపోతే అది నూనె. మొదట నవ్వాను. తర్వాత కాలేజీలో చదివే మా బావమరిది ఇది నిజమేనని చెప్పాడు. ఇనుము తినే బ్యాక్టీరియా వేసే పొర అలాగే పగులుతుందట.

రెండో పరీక్ష బురదకి. ఆటు తీసినప్పుడు ఒడ్డు మీద కాలు వేస్తే అడుగులో నీళ్లు ఊరతాయి కదా, ఆ నీళ్ల మీద రంగు లేస్తుందా లేదా అని. ముఖద్వారం దగ్గర ఇసుకలో జనవరి ఆఖరుకే ఏమీ లేవలేదు. మడ చెట్ల కింద మాత్రం ప్రతి అడుగుకీ లేచింది. మడ వేళ్లు గాలి కోసం బురదలోంచి పైకి పొడుచుకొస్తాయి. వాటికి తారు పట్టి నల్ల కొవ్వొత్తుల్లా నిలబడి ఉండేవి. కొంగలు, గూడబాతులు ఆ మధ్య తిరుగుతుంటే వాటి రెక్కలు చూడబుద్ధి కాలేదు.

ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున, పోటు నీళ్లు లోపలికి తోస్తున్నప్పుడు ముఖద్వారం దగ్గర వల విసిరాను. పోటు వేళే ఎందుకంటే అప్పుడు లోపలికి వచ్చేది సముద్రపు నీరు, దాంతో వచ్చే చేప కూడా బయటిదే. నాలుగైదు మడవలు, రెండు జిలేబీ చేపలు పడ్డాయి. మొప్పలు ఎత్తి వాసన చూశాను, ఏమీ లేదు. సంతోషంగా ఇంటికి తెస్తే అత్త మసాలా వేయనివ్వలేదు. "ఉప్పు వేసి ఉడకబెట్టు. మసాలా వేస్తే నీకు అన్నీ బాగానే ఉంటాయి."

ఉడికేటప్పుడు మూత తీసింది. మడవల్లోంచి మెల్లగా, సన్నగా, కిరోసిన్ లేచింది. మడవ బురద మీద పాచి గీక్కుని తినే చేప, పోటుతో వచ్చినా మేత ఇక్కడిదే. జిలేబీకి మాత్రం ఆ రోజు వాసన రాలేదు, ఎందుకో ఇప్పటికీ తెలీదు. అన్నీ పారబోశాం. అప్పటినుంచి రెండు వారాలకోసారి అదే పరీక్ష: ఉప్పు, నీళ్లు, మూత. ఈ పరీక్షకి ఒక లోపం ఉంది, అది కూడా బావమరిదే చెప్పాడు. వాసన లేనంత మాత్రాన లోపల ఏమీ లేదని కాదు. చేప లివరు నూనెలోని విషాన్ని కొంత విడగొట్టి బయటికి పంపేస్తుంది, ఆల్చిప్పలకి ఆ శక్తి తక్కువ, నీళ్లు వడకట్టుకుని తినేటప్పుడు పట్టినదాన్ని చాలాకాలం దాచుకుంటాయి. అందుకే చేపల మీద నమ్మకం వచ్చాక కూడా మా ఇంట్లో ఆల్చిప్పలు వండలేదు, అమ్మలేదు.

ఏప్రిల్‌కి మడవ ఉడికినా వాసన రాలేదు. హమ్మయ్య అనుకున్నాం. అప్పుడు మొదలైంది అసలు కష్టం.

మా ఆవిడ గంప దించితే ఆడవాళ్ల మొదటి ప్రశ్న "ఏటి చేపా, కడలి చేపా?" కడలి అంటే కొంటారు, ఏరు అంటే లేచి వెళ్లిపోతారు. పక్క గంపావిడ అన్నీ కడలి చేపలే అని అమ్మేసుకునేది. మా ఆవిడకి అబద్ధం ఆడటం రాదు, వచ్చినా మడవని చూసి ఏటిదని పోల్చుకోలేని మనిషి ఎన్నూరులో ఎవరున్నారు? అరవై రూపాయలకి కూడా పోని రోజులున్నాయి. మిగిలినవి ఎండబెడితే ఎండుచేపకి అసలు బేరమే లేదు. రొయ్యలైతే ఏజెంట్లు సగం ధరకి తీసుకుని, ఊరు పేరు చెప్పకుండా వేరే మార్కెట్‌కి పంపేవాళ్లు. మా పేరు లేకపోతేనే మా సరుక్కి ధర.

కోపం వచ్చి ఒకరోజు ఆవిడతో గొడవపడ్డాను, కడలి చేప అని చెప్తే ఏం పోతుందని. ఆవిడ సమాధానం చెప్పలేదు. మర్నాడు చిన్న స్టవ్, గిన్నె గంపలో పెట్టుకుని వెళ్లింది. వీధి మలుపులో ఒక మడవని ముక్కలు కోసి ఉప్పునీళ్లలో ఉడకబెట్టి, "మూత మీరే తీయండి" అందట. ఆ రోజు అమ్ముడైంది రెండు కిలోలు. కిరోసిన్ స్టవ్ తీసుకెళ్లి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ ఆటపట్టిస్తుంటాను. గ్యాసుది కాబట్టి సరిపోయింది.

2024 నవంబర్ ఆఖర్లో ఫెంగల్ తుఫాను వానలకి ఏరు మళ్లీ కలక బారింది. వరద తీసిన మర్నాడు మడ చెట్ల వైపు నీటి మీద రంగులు. మామ గడకర్రతో గీశాడు. గీత పడింది, కలిసిపోయింది. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. పది రోజులు వేట మానుకున్నాం, మళ్లీ ఉప్పు, నీళ్లు, మూత.

మడ కొమ్మలకి కొత్త చిగుళ్లు వచ్చాయి, నల్ల గీత కింద మాత్రం బెరడు ఇంకా అలాగే ఉంది. పీతలు మునుపటంత లేవు. రొయ్య ఒక పోటుకి బాగా పడుతుంది, ఇంకో పోటుకి వల ఖాళీగా వస్తుంది. పడవకి మళ్లీ నీలం రంగు వేయించాలనుకుంటే మామ వద్దన్నాడు. తాడు కట్టే కొక్కెం కింద నా పీచు అందని చోట జానెడు నల్ల మరక ఉండిపోయింది. దాన్ని కడగనివ్వడు.

"ఉండనీరా. మళ్లీ ఎవడైనా లెక్క రాసుకోడానికొస్తే చూపించాలి."

రేపు మా పాడు. నాలుగు గంటలకి పోటు.