మడుగు, మొసలి, ఒక తామర

గజేంద్ర మోక్షం అనగానే తెలుగువారి నోటికి ముందుగా వచ్చేది పోతన గారి ‘లా వొక్కింతయు లేదు’. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా మా నాయనమ్మ మంచం పక్కన కూర్చుని ఆ పద్యమే చదివేది. చాలాకాలం నేను దాన్ని ఆపదలో పడ్డవాడి మొరగానే విన్నాను. సంస్కృత భాగవతం అష్టమ స్కంధంలో, మూడో అధ్యాయం మొదటి శ్లోకం దగ్గర ఆగిపోయాను.

ఏవం వ్యవసితో బుద్ధ్యా సమాధాయ మనో హృది
జజాప పరమం జాప్యం ప్రాగ్జన్మన్యనుశిక్షితమ్

బుద్ధితో నిశ్చయించుకుని, మనసును హృదయంలో నిలిపి, పూర్వజన్మలో నేర్చిన స్తోత్రాన్ని గజేంద్రుడు జపించాడు. అప్పటికి పోరు మొదలై వెయ్యేళ్లు. అవే నీళ్లు, అదే మొసలి, అదే కాలు. కదిలింది ఒక్క మనసే. హరి రాక ఆ తరువాతి మాట.

అసలు ఆ ఏనుగు మడుగులోకి దిగింది దాహంతో. దాహం తీరాక కూడా ఒడ్డెక్కలేదు. సంసారిలా ఆడఏనుగులకూ గున్నలకూ తొండంతో నీళ్లు పట్టి, స్నానం చేయిస్తూ మైమరిచిందని వ్యాసుడు ప్రత్యేకంగా చెప్పాడు. ఆ మడుగు నా మనసేనని నాకు తోచింది. నీటిలోని మొసలి ఏనుగునైనా పట్టగలదు, ఒడ్డుకొస్తే కుక్క చేతిలో ఓడుతుంది, అది ‘స్థానబలిమి కాని తన బలిమి కాదయా’ అన్నాడు వేమన. నన్ను పట్టిన కోపానికి బలం నేను ఇచ్చిన చోటే.

ఇల్లు పంచుకునే విషయంలో మా అన్నయ్యతో మూడేళ్లు మాటల్లేవు. ఆయన అన్న ఒక్క మాటను రోజూ తలుచుకుని పెంచింది నేనే. ఈ శ్లోకం పట్టుకుని కొన్నాళ్లు తెల్లవారుజామున ఊరకే కూర్చున్నాను. వాటాలు మారలేదు, కాగితాలూ మారలేదు. ఒకరోజు ఫోను చేసి, “అన్నయ్యా, భోజనం చేశావా?” అని అడగగలిగాను. అంతకు ముందు రోజు కూడా ఆ ఫోను నా చేతిలోనే ఉంది.

ఇలా చదివితే కథ ఉత్త పోలికగా మిగిలిపోతుందని కొందరు బాధపడతారు. నాకు ఆ భయం లేదు. హరి వచ్చాడనే నమ్ముతాను. ఎలా కాపాడాడో చూడండి: గరుడుని మీది నుంచి దిగి, ఏనుగును మొసలితో సహా నీటిలోంచి పైకి లాగాడు. నోరు చీల్చింది ఆ తరువాతే. ముందు ఆ చోటు నుంచి తప్పించాడు. మొసలికీ శాపం తీరి, హూహూ అనే గంధర్వుడై నమస్కరించాడు.

ఆకాశంలో స్వామి కనబడగానే గజేంద్రుడు తామరపువ్వు పట్టిన తొండాన్ని పైకెత్తి, కష్టం మీద ‘నారాయణాఖిలగురో భగవన్నమస్తే’ అన్నాడు. కాలు ఇంకా మొసలి నోట్లోనే ఉంది. ఆ పువ్వు మరెక్కడిది? ఆ మడుగులో పూసినదే.