బ్రేకు తొక్కడం పదహారేళ్ల తర్వాత నేర్చుకున్నాను

నిన్న సాయంత్రమే ట్రైనింగ్ ముగించుకుని వచ్చాను. కుడికాలి పిక్క ఇంకా సలుపుతోంది. ఆ నొప్పి తగ్గేలోపే రాసేద్దామని కూర్చున్నాను.

కారు నడపడం మొదలుపెట్టి నాకు పదహారేళ్లు. హైదరాబాద్ నుంచి గుంటూరుకి నెలకోసారైనా నేనే నడుపుకుంటూ వెళ్తాను. నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ హైవే వదిలేసి మిర్యాలగూడ, వాడపల్లి, దాచేపల్లి, పిడుగురాళ్ల, సత్తెనపల్లి మీదుగా. ఇన్నేళ్లలో కారుకి గీత పడింది లేదు. "మా కోడలు స్టీరింగ్ పట్టుకుంటే నేను నిశ్చింతగా నిద్రపోతాను" అని అత్తయ్య చుట్టాలందరికీ చెప్పుకునేవారు.

మొన్న ఫిబ్రవరిలో దాచేపల్లి దాటాక, మిర్చి బస్తాలు వేసుకున్న ట్రాక్టర్ ఒకటి పక్క డొంకలోంచి అటూ ఇటూ చూడకుండా రోడ్డెక్కింది. నేను 80లో ఉన్నాను. బ్రేకు వేశాను. పెడల్ కాలికింద టకటకా కొట్టుకుంది, కిందనుంచి ఏదో విరిగిపోతున్నట్టు గరగరమని చప్పుడు. హడలిపోయి కాలు ఎత్తేశాను. మళ్లీ వేశాను. ట్రాక్టర్‌కి మూరెడు దూరంలో ఆగింది కారు. వెనక సీట్లో బెల్టు లేకుండా కునుకు తీస్తున్న అత్తయ్య వచ్చి ముందు సీటుకి కొట్టుకున్నారు. పెదవి చిట్లి జాకెట్టు మీదంతా రక్తం. ఆవిడ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధనిపించింది.

మర్నాడు మెకానిక్ బండి నడిపి చూసి, "బ్రేకులు బంగారంలా ఉన్నాయి మేడమ్. అది ఏబీఎస్, గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు. పనిచేసేటప్పుడు పెడల్ అలాగే కొట్టుకుంటుంది. మీరు కాలెందుకు తీశారు?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ట్రైనింగ్ వెతకడం, ఫోన్ చేయడం, 9 వేలు కట్టడం ఒక్క పూటలో అయిపోయాయి. ఊరి బయట ట్రాక్, రెండు రోజులు, ఎవరి కారు వాళ్లే తెచ్చుకోవాలి. మొత్తం ఆరుగురం. నలుగురు కంపెనీ పంపిన క్యాబ్ డ్రైవర్లు, ఒక కుర్రాడు, నేను.

పొద్దున క్లాసు. 80లో వెళ్తున్నప్పుడు ప్రమాదం చూసి కాలు బ్రేకు మీదికి రావడానికి ఒక్క సెకను పట్టినా, అప్పటికే కారు 22 మీటర్లు పోయి ఉంటుంది. మంచి పొడి రోడ్డు మీద గట్టిగా తొక్కినా ఇంకో 30 మీటర్లు కావాలి. స్పీడ్ రెట్టింపైతే బ్రేకుకి కావలసిన దూరం నాలుగు రెట్లవుతుంది. ముందు బండి ఏదైనా స్తంభం దాటగానే "వెయ్యీ ఒకటి, వెయ్యీ రెండు" అనుకోవాలి. అది పూర్తయ్యేలోపే మనం ఆ స్తంభం దగ్గరికి చేరితే మరీ దగ్గరగా ఉన్నట్టు. వానలో ఆ లెక్క రెట్టింపు. ఇదంతా సులువుగానే ఎక్కింది.

మధ్యాహ్నం ట్రాక్ మీద తెల్లగీత గీశారు. 60లో వచ్చి గీత దాటగానే బ్రేకు పూర్తిగా తొక్కాలి. గీతకి 25 మీటర్ల అవతల వరసగా ఆరెంజ్ కోన్‌లు. వాటికి తగలకుండా ఆగాలి.

మొదటిసారి పెడల్ కొట్టుకోగానే నా కాలు దానంతటదే లేచిపోయింది. కోన్‌లలోంచి దూసుకుపోయాను. ఒకటి బంపర్ కింద ఇరుక్కుని ఈడ్చుకుంటూ వచ్చింది. రెండోసారి భయంతో 45లోనే వచ్చాను, లెక్కలోకి రాదన్నారు. మూడోసారి మళ్లీ కోన్‌లు.

ట్రైనర్ సార్ వచ్చి నా డోర్ తీశారు. "మీ మోకాలు చూడండి మేడమ్" అన్నారు. కాలు దాదాపు నిటారుగా ఉంది. సీటు వెనక్కి జరుపుకుని, వీపు వాల్చుకుని, కాలి కొసతో నడుపుతున్నానట ఇన్నాళ్లూ. మడమ ఎత్తు చెప్పులు వేరే. "మీరు బ్రేకుని నిమురుతున్నారు, తొక్కట్లేదు" అన్నారు. షెడ్డు కింద టీ తాగుతున్న ఐదుగురికీ వినపడింది. తల కొట్టేసినట్టయింది.

సీటు ముందుకి జరిపించారు. పెడల్ అడుగంటా తొక్కినా మోకాలు కాస్త వంగే ఉండాలి, నడుము సీటుకి ఆని ఉండాలి, ఛాతీకి స్టీరింగ్‌కి మధ్య జానెడుకి మించి ఖాళీ ఉండాలి. చెప్పులు తీయించారు. ఇంజన్ ఆన్ చేసి, న్యూట్రల్‌లో ఉంచి, అక్కడే కూర్చుని 30 సార్లు బ్రేకు తొక్కమన్నారు. ఇంజన్ ఆపి తొక్కితే రెండు మూడు సార్లకే పెడల్ రాయిలా బిగుసుకుంటుంది కాబట్టి ఆన్‌లోనే చేయాలి. మిగతావాళ్లు ట్రాక్ మీద తిరుగుతుంటే నేను ఆగిన కారులో కూర్చుని ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ తొక్కాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. కుర్రాడు ఫోన్ ఎత్తి వీడియో తీయబోతే, క్యాబ్ డ్రైవర్లలో పెద్దాయన వాడి చెయ్యి దించేసి నా దగ్గరికి వచ్చాడు. "నాక్కూడా మొదట కాలు రాలేదక్కా. మూసిన తలుపు తన్నినట్టు తన్నండి. ఆగేదాకా తీయొద్దు" అన్నాడు.

ఆ అరగంటలో నాకు కోపం వచ్చింది ఆ సార్ మీద కాదు, పదహారేళ్ల కిందట నాకు నేర్పిన డ్రైవింగ్ స్కూల్ మీద. ఇరవై రోజులు నేర్పారు. హాఫ్ క్లచ్, రివర్స్, ఎనిమిది అంకె. పక్కన కూర్చున్న మాస్టారి కాలికింద ఇంకో బ్రేకు ఉండేది. భయం వేసే ప్రతిచోటా ఆయనే తొక్కేసేవాడు, నా కాలికి ఆ అవసరమే రాలేదు. లైసెన్స్ టెస్ట్‌లోనూ నెమ్మదిగా ఎనిమిది తిప్పి చూపించాను, కార్డు ఇచ్చేశారు. స్పీడ్‌లో ఉన్న బండిని ఎలా ఆపుతావమ్మా అని ఒక్కరూ అడగలేదు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల్లో 2022లో ఈ దేశపు రోడ్ల మీద చనిపోయినవాళ్లు 1,68,491 మంది. ఇలాంటి చేతులకి లైసెన్సులు ఇస్తూ పోతే ఆ అంకె ఎలా తగ్గుతుంది?

ఆరోసారి వెళ్లాను. గీత దాటగానే తన్నాను. పెడల్ కొట్టుకుంది, కింద గరగరమని అరిచింది. అరవనీ అనుకున్నాను. కారు ఆగాక కూడా కాలు తీయలేదు. కోన్‌లకి ఇంకా మూడు బారల దూరం మిగిలి ఉంది. పెద్దాయన చప్పట్లు కొట్టాడు.

తర్వాత బ్రేకు అలాగే తొక్కిపట్టి పక్కకి తిప్పడం నేర్పారు. చక్రాలు బిగుసుకుపోతే స్టీరింగ్ ఎటు తిప్పినా బండి నేరుగానే జారుతుంది. ఏబీఎస్ బ్రేకుని పట్టి వదులుతూ చక్రం బిగుసుకోకుండా చూస్తుంది కాబట్టి తిప్పిన వైపు వస్తుంది. కంకర మీద, మట్టి మీద మాత్రం ఆగడానికి ఎక్కువ దూరం కావాలి. కోన్‌ని చూస్తే కోన్‌కే గుద్దుతాం, ఖాళీని చూడాలి. ఇందులో ఆరుగురిలో నేను రెండోదాన్ని. గర్వంగానే చెప్పుకుంటున్నాను.

రెండో రోజు రోడ్డు మీద, కనిపించిందల్లా పైకి చెబుతూ నడపాలి. ఆగి ఉన్న బస్సు కింద నుంచి కాళ్లు కనిపిస్తున్నాయా, ఎడమవైపు సందు ఉందా, ఇలా. ఒకచోట సార్, "ఆ చెట్ల వెనక దుమ్ము చూశారా?" అన్నారు. రెండు క్షణాల్లో ట్రాక్టర్ బయటికొచ్చింది. దాచేపల్లి దగ్గర కూడా ఆ డొంకలో దుమ్ము లేచే ఉంటుంది. నేను చూడలేదు.

మీరు వెళ్లాలనుకుంటే డబ్బు కట్టేముందు ఒక్కటే అడగండి: ట్రాక్ మీద నాచేత ఎన్నిసార్లు బ్రేకు వేయిస్తారు? స్లైడ్లు చూపించి సర్టిఫికెట్ ఇస్తామంటే వెళ్లకండి. మీ కారులోనే నేర్చుకోండి, చదునైన బూట్లు వేసుకోండి. సర్టిఫికెట్ చూపిస్తే ఇన్సూరెన్స్ తగ్గుతుందేమోనని మా ఏజెంట్‌ని అడిగాను, పైసా తగ్గదన్నాడు. నాకేం బాధ లేదు.

వెనక సీటు బెల్టు సంగతి మాత్రం గట్టిగా చెబుతాను. పెట్టుకోకపోతే చట్టప్రకారం వెయ్యి రూపాయల జరిమానా. జరిమానా సంగతి పక్కన పెట్టండి, నేను ఎంత బాగా బ్రేకు వేస్తే వెనకవాళ్లు అంత గట్టిగా ముందుకి వస్తారు.

ఈ శనివారం గుంటూరు వెళ్లి అత్తయ్యని తీసుకురావాలి. రాత్రి ఫోన్‌లో బెల్టు మాట ఎత్తగానే, "అమ్మాయ్, అది చీర నలిపేస్తుంది" అన్నారు. పెట్టుకోందే బండి తీయనన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరేలే, పాత నేతచీర కట్టుకుంటాను" అన్నారు.