ఎనిమిది నోట్లు, ఒక ఏసీ రిమోటు

మే 31, 2025. శనివారం.

రేపు ఒకటో తారీఖు ఆదివారమని ఆంధ్రాలో ప్రభుత్వం పింఛను ఈరోజే ఇచ్చేసింది. తెల్లారి ఆరున్నరకే గ్రామ సచివాలయం అమ్మాయి వేలిముద్రల మిషను పట్టుకుని గుమ్మంలో నిలబడింది. నాయనమ్మ అప్పటికే స్నానం చేసి వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. రాత్రి ఊరొచ్చిన నేనింకా పళ్లు కూడా తోముకోలేదు.

వేలిముద్ర పడలేదు. ఏళ్ల తరబడి మిరపకాయల తొడిమలు తీసిన వేళ్లు, గీతలేం మిగులుతాయి? "తలకి రుద్దుకుని పెట్టు మామ్మా" అంది ఆ అమ్మాయి. నూనె జుట్టుకి బొటనవేలు రుద్ది పెట్టినా లాభం లేదు. చివరికి ఫోను మొహానికి పట్టి కళ్లు ఆర్పమంటే, ఈవిడ ఫొటో అనుకుని కొంగు సర్దుకుని రెప్ప వేయకుండా చూస్తోంది. మూడోసారికి పనయింది. ఎనిమిది ఐదొందల నోట్లు. రెండుసార్లు తను లెక్కపెట్టుకుని, ఒకసారి నాచేత లెక్కపెట్టించింది.

ఎదురింటి బాబాయికి ఆరు వేలు. చిన్నప్పుడు పోలియోతో పోయిన కాలు. వైకల్యం 40 శాతం ఉందో లేదో చూడాలి, మళ్లీ డాక్టర్ల దగ్గరికి రమ్మన్నారట. వైకల్యం ఎంతుందో రాసిచ్చే సదరం సర్టిఫికెట్ ప్లాస్టిక్ కవర్లోంచి తీసి చూపించాడు. "దొంగ సర్టిఫికెట్లు ఏరెయ్యాల్సిందేలేరా, మధ్యలో నాకెందుకీ టెన్షను?" అన్నాడు.

నాయనమ్మది రెండొందల కాలం నుంచీ ఉన్న పింఛను. 2014లో వెయ్యి, 2019 ఎన్నికల ముందు రెండు వేలు, ఆ తర్వాత రెండొందల యాభై చొప్పున పెరుగుతూ మూడు వేలు. పోయినేడు జూలైలో నాలుగు వేలు, పాత నెలల బకాయి మూడు వేలు కలిపి ఒకేసారి ఏడు వేలు. ఏ ముఖ్యమంత్రి ఎంత పెంచాడో గడగడా చెబుతుంది. ఓటెవరికేసిందో మాత్రం చెప్పదు.

అసలు గొడవ ఏసీది. రోహిణి కార్తె వస్తోంది, రోళ్లు పగిలే ఎండలు అని పోయిన నెలే ఇంట్లో ఏసీ పెట్టించాను. ఈవిడ వేయనివ్వదు. కరెంటు సగటున నెలకి 300 యూనిట్లు దాటినా, ఇంట్లో కారున్నా పింఛను ఎత్తేస్తారని భయం. మాగాణి మూడెకరాలు దాటకూడదని కూడా చెప్పింది. మాకున్నది అరెకరం.

"ఆ నాలుగు వేలూ నెలనెలా నేను పంపిస్తాలే, ఏసీ వేసుకో" అన్నాను.

"ఒకటో తారీఖున పంపుతావా?"

నాన్న పేపరు చాటున నవ్వాడు. పోయిన నెల ఆయన మందులకని నేను డబ్బులు వేసింది పదిహేడో తారీఖున. ఆవిడకి తారీఖు కూడా గుర్తుంది.

మధ్యాహ్నానికే రెండు నోట్లు కొట్టు బాకీకి, ఒకటి బీపీ బిళ్లలకి పోయాయి. మిగిలినవి మడిచి గుడ్డసంచిలో పెట్టుకుంది.

ఇప్పుడు రాత్రి పదిన్నర. ఒకటే ఉక్క, ఫ్యాను కూడా వేడిగాలే కొడుతోంది. రిమోటు కోసం వెతికితే, గుడ్డసంచితో పాటు నాయనమ్మ దిండు కింద కనపడింది. చెయ్యి పెట్టానో లేదో, కళ్లు తెరవకుండానే విసనకర్ర అందించింది.