ఎమ్మెల్యే జీతం 20 వేలే. మరి ఆ 2.3 లక్షలు?

2016లో తెలంగాణ ఎమ్మెల్యేల నెలసరి మొత్తాన్ని 2.5 లక్షలకు పెంచారు. అందులో జీతం కింద చూపింది 20 వేలు. మిగతా 2.3 లక్షలు నియోజకవర్గ భత్యం. ఆంధ్రాలోనూ అదే ఏడాది అదే పద్ధతి: 1.25 లక్షల్లో జీతం 12 వేలు.

కిటుకంతా ఈ విడగొట్టడంలోనే ఉంది. 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 10(17) నియోజకవర్గ భత్యాన్ని పన్ను నుంచి మినహాయించింది. పాత పన్ను విధానంలో ఉంటే, ఏడాదికి 2.4 లక్షల జీతం పన్ను పడని 2.5 లక్షల పరిమితి లోపే. వేరే ఆదాయం లేని ఎమ్మెల్యే 30 లక్షలు తీసుకుని రూపాయి పన్ను కట్టనక్కర్లేదు. అదే 30 లక్షల జీతగాడు 2025-26 కొత్త స్లాబుల్లో దాదాపు 4.75 లక్షలు కడతాడు.

పన్ను సంగతి అలా ఉంచండి. గంపగుత్తగా ఇచ్చే భత్యంతో అసలు చిక్కు వేరే ఉంది. నలుగురు సిబ్బందితో ఆఫీసు నడిపే ఎమ్మెల్యేకీ, ఆఫీసుకు తాళం వేసుకున్న ఎమ్మెల్యేకీ అంతే సొమ్ము. పని చేసేవాడికే చేతి చమురు వదులుతుంది.

నా లెక్కలో జీతం 1.5 లక్షలకు పెంచాలి, మొత్తానికీ పన్ను వేయాలి. సిబ్బంది జీతాలు అసెంబ్లీ సచివాలయమే వాళ్ల ఖాతాల్లో వేయాలి. అద్దె, డీజిల్ డబ్బు బిల్లు చూపిస్తేనే ఇవ్వాలి. ఇదేం కొత్త కాదు. ఎంపీల ఆఫీసు ఖర్చు 75 వేలల్లో 50 వేలు సహాయకుల కోసమే. ఎంపీ పెట్టుకున్న మనిషికి పార్లమెంటు సచివాలయం నేరుగా చెల్లిస్తుంది.

ఎంత పెంచాలన్నది సభ్యులే తేల్చుకోకూడదు. రాజ్యాంగంలోని ఆర్టికల్ 195 ఆ అధికారం శాసనసభకే ఇచ్చింది, కాబట్టి ఒక్కసారి చట్టం చేసి ధరల పెరుగుదలను కొలిచే సూచీకి ముడిపెట్టేస్తే చాలు. ఎంపీలకు 2018లో అదే చేశారు. ధరల సూచీ 280 నుంచి 348కి చేరడంతో లక్ష జీతం 1.24 లక్షలైంది. 2025 మార్చిలో నోటిఫికేషన్ ఇచ్చి 2023 ఏప్రిల్ నుంచి వర్తింపజేశారు. బకాయిలతో సహా, లెండి.

అయితే ఎంపీల సౌకర్యాల్లోనూ కోతకు చోటుంది. ఏడాదికి 50 వేల యూనిట్ల ఉచిత కరెంటు, అంటే నెలకు 4,166 యూనిట్లు! మీటరు తిరిగినంతా వాళ్లనే కట్టమనాలి. 34 విమాన ప్రయాణాలను మాత్రం ముట్టుకోను. శ్రీకాకుళం నుంచి ఢిల్లీ వెళ్లి రావాలంటే అవి కావాలి.

పింఛనుకు పంజాబ్ దారి నయం. ఎన్నిసార్లు గెలిచినా ఒకటే పింఛను అని 2022లో చట్టం తెచ్చారు. ఎంపీగా ఒకటి, ఎమ్మెల్యేగా ఇంకోటి తీసుకునే వీలు కూడా తీసేస్తే ఆ పని పూర్తవుతుంది.