అప్పు ఎవరిది, లాభం ఎవరికి? బ్యాంకింగ్ చరిత్రను నేను చదివిన తీరు

గ్రూప్-1 మెయిన్స్‌కీ, ఆర్‌బీఐ గ్రేడ్-బీకీ చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒంగోలు రీడింగ్ రూముల్లో నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే. "అన్నా, కరెన్సీ, బ్యాంకింగ్ చరిత్ర ఎన్నిసార్లు చదివినా గుర్తుండట్లేదు, ఎలా?" అని. 1893, 1927, 1935, 1949, 1969 అంటూ తేదీలు బట్టీ కొడితే ప్రిలిమ్స్ వరకు బండి నడుస్తుంది. మెయిన్స్‌లో "విమర్శనాత్మకంగా చర్చించండి" అంటే మాత్రం ఆ తేదీలు చాలవు. నేను ప్రతి ఘట్టం దగ్గరా ఒకే ప్రశ్న వేసుకుని చదివాను. ఇక్కడ అప్పు తీసుకున్నది ఎవరు, ఇచ్చింది ఎవరు, డబ్బు విలువ పెరిగితే ఎవరి కొంప మునుగుతుంది?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో దొరకలేదు. మాది టంగుటూరు దగ్గర పొగాకు పండించే ఊరు. వేలం కేంద్రంలో బేళ్లు వరసగా పేర్చి ఉంటాయి, కొనేవాళ్లు ఆ వరస వెంట నడుచుకుంటూ పోతారు. ఒక్కో బేలు దగ్గర ఆగేది కాసేపే. ఎవరూ ధర పాడకపోతే అది నోబిడ్, ఆ బేలు మళ్లీ ఇంటికే. అమ్ముడైన వాటి డబ్బులో ముందు బ్యాంకు అప్పు పోతుంది, మిగిలిందే రైతు చేతికి. కిలోకి పది రూపాయలు ధర పడిపోయిందని అప్పు ఒక్క రూపాయి కూడా తగ్గదు. ప్రతి ద్రవ్యోల్బణం ప్రశ్నలోనూ, ధరలు పడిపోయే ప్రతి ద్రవ్య సంకోచం ప్రశ్నలోనూ అసలు విషయం ఇదే.

ఇది పట్టుకుని 1896 అమెరికా ఎన్నికలు చదవండి. 1873 నాణేల చట్టంతో అక్కడ వెండి డాలర్ల ముద్రణ ఆగింది. బంగారమే ఆధారమైంది. ఆ తర్వాత రెండు దశాబ్దాల పాటు పత్తి, గోధుమ ధరలు పడిపోతూనే వచ్చాయి. పొలం తాకట్టు పెట్టిన రైతు అదే అప్పు తీర్చడానికి రెట్టింపు పంట అమ్మాల్సి వచ్చింది. అందుకే వాళ్లు ఆ చట్టాన్ని "1873 నేరం" అన్నారు. 1892లో పాపులిస్టు పార్టీ పెట్టారు. 16 ఔన్సుల వెండికి ఒక ఔన్సు బంగారం లెక్కన వెండి నాణేలు ఎంతైనా ముద్రించాలని అడిగారు. బజార్లో అప్పటికి ఆ నిష్పత్తి 30 దాకా ఉంది. అంటే డబ్బు విలువ తగ్గించమనే అడుగుతున్నారు. 36 ఏళ్ల విలియం జెన్నింగ్స్ బ్రయన్ షికాగో సభలో మనుషులను బంగారు శిలువకు వేలాడదీయొద్దని గర్జించి డెమొక్రాట్ల అభ్యర్థి అయ్యాడు. రిపబ్లికన్ అభ్యర్థి మెకిన్లీ చేతిలో 271-176 ఎలక్టోరల్ ఓట్ల తేడాతో ఓడిపోయాడు. 1900లో బంగారు ప్రమాణం చట్టమైంది. దక్షిణాఫ్రికా నుంచి కొత్త బంగారం వచ్చిపడి ధరలు మళ్లీ పెరిగాకే ఆ ఉద్యమం చల్లారింది.

ఇక్కడ చాలామంది ఒక సూత్రం రాసేస్తారు: సామాన్యుడి పక్షాన మాట్లాడే రాజకీయం ఎప్పుడూ ఎక్కువ నోట్లు అడుగుతుందని. అది తప్పు. అంతకు అరవై ఏళ్ల ముందటి అమెరికా అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్‌ను చూడండి. ఆయనా సామాన్యుడి పేరుతోనే పోరాడాడు, కానీ కాగితం నోటును అసహ్యించుకున్నాడు. 1832 జూలైలో, కేంద్ర బ్యాంకు లాంటి సెకండ్ బ్యాంక్ చార్టర్ (అనుమతి పత్రం) పొడిగింపు బిల్లును వీటో చేశాడు. తర్వాత ప్రభుత్వ డిపాజిట్లు తీసి రాష్ట్రాల బ్యాంకుల్లో పెట్టించాడు. బ్యాంకు అధ్యక్షుడు నికొలస్ బిడిల్ అప్పులు బిగించి బదులిచ్చాడు. 1836లో ప్రభుత్వ భూములు కొనాలంటే వెండి, బంగారమే కట్టాలని జాక్సన్ ఉత్తర్వు ఇచ్చాడు. మరుసటి ఏడాదే 1837 సంక్షోభం. బ్రయన్‌ది, జాక్సన్‌ది ఒకటే కోపం. మందు మాత్రం పూర్తిగా ఎదురు. ఈ పోలిక రాసిన జవాబు మిగతావాటి నుంచి విడిగా కనిపిస్తుంది.

మన దేశానికొస్తే 1893 దగ్గర ఆగండి. వెండి ధర పడిపోయి, 1870ల మొదట్లో దాదాపు 2 షిల్లింగులున్న రూపాయి 1 షిల్లింగు 3 పెన్నీల దగ్గరికి దిగింది (షిల్లింగుకి 12 పెన్నీలు, బ్రిటిష్ పౌనుకి 20 షిల్లింగులు). భారత ప్రభుత్వం బ్రిటన్‌లోని ఖర్చుల కింద లండన్‌కు కట్టాల్సిన హోమ్ ఛార్జీలు రూపాయల్లో మోయలేనంత భారమయ్యాయి. హెర్షెల్ కమిటీ సలహాతో ఆ జూన్‌లో మన టంకశాలల్లో వెండి స్వేచ్ఛా ముద్రణ, అంటే ఎవరు వెండి తెచ్చినా రూపాయలుగా ముద్రించి ఇవ్వడం, ఆపేశారు. దాంతో ప్రపంచ మార్కెట్లో వెండి ఇంకా కుప్పకూలింది, కొలరాడో గనుల దాకా ఆ దెబ్బ తగిలింది. ప్రపంచ చరిత్ర, ఆర్థిక చరిత్ర వేరువేరు నోట్స్ రాసుకునేవాళ్లకు ఈ లింకు దొరకదు.

రూపాయి మారకం రేటు ఖరారు చేసిన 1927 మీద అందరూ ఒక లైను రాసి వదిలేస్తారు. నేనైతే పెన్ను పట్టి లెక్క వేయమంటాను. రూపాయికి 1 షిల్లింగు 4 పెన్నీలైతే ఒక పౌనుకి 15 రూపాయలు. మన కరెన్సీ మీద వేసిన హిల్టన్ యంగ్ కమిషన్ చెప్పిన 1 షిల్లింగు 6 పెన్నీలైతే 13 రూపాయల 5 అణాల 4 పైలే (అణాకి 12 పైలు). లండన్‌లో ఒక పౌనుకి అమ్ముడుపోయే సరుకు మీద ఇక్కడ రూపాయిన్నర పైనే తగ్గిపోయింది. లండన్‌కు పౌన్లు కట్టే ప్రభుత్వానికి అంత మేర కలిసొచ్చింది. బొంబాయి వ్యాపారి పురుషోత్తమదాస్ ఠాకూర్‌దాస్ కమిషన్‌లోనే అసమ్మతి రాసింది అందుకే. అదే కమిషన్ సిఫారసు చేసిన కేంద్ర బ్యాంకు బిల్లు, అది వాటాదారులదా ప్రభుత్వానిదా అన్న తగవులో ఆగిపోయింది. 1935లో రిజర్వు బ్యాంకు వాటాదారుల బ్యాంకుగానే మొదలై, 1949 జనవరి 1న ప్రభుత్వపరమైంది.

కోచింగ్ మెటీరియల్‌లో దాదాపు కనిపించనిది, మన జిల్లాలకు బాగా దగ్గరిది, 1938 మద్రాసు వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టం. అప్పుడు నెల్లూరు, ఒంగోలు మద్రాసు ప్రెసిడెన్సీలోవే. మన ఊళ్లల్లో ఇప్పటికీ నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకి, ఏడాదికి 24 శాతం. మూడేళ్లు దాటితే ప్రోనోటు చెల్లదు కాబట్టి గడువు రాకముందే నోటు తిరగరాస్తారు, వడ్డీ అసలులో కలిసిపోతుంది. రాజాజీ ప్రభుత్వం ఈ ముడి మీదే చెయ్యి పెట్టింది. 1932 అక్టోబరుకు ముందు అప్పులకు 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ రద్దు చేసింది. నోటు ఎన్నిసార్లు తిరగరాసినా మొదట చేతికిచ్చిన సొమ్మునే అసలుగా లెక్కించమంది. ప్రోనోట్లు కేంద్రం పరిధి కదా అంటూ ఈ చట్టాన్ని ఫెడరల్ కోర్టులో సవాలు చేశారు, చట్టం నిలబడింది. బెంగాల్ వడ్డీ వ్యాపారుల చట్టం మీద 1947 ప్రఫుల్ల కుమార్ తీర్పు కూడా ఇదే దారి. పాలిటీలో "పిత్ అండ్ సబ్‌స్టెన్స్" (చట్టం అసలు సారం ఏ ప్రభుత్వ పరిధిలోదో చూసే సూత్రం) చదివేటప్పుడు ఈ రెండూ పక్కపక్కన పెట్టుకోండి.

1969 జూలై మన తెలుగువాళ్లు ఇరువైపులా ఉన్న కథ. ప్రధాని ఇందిరా గాంధీ మొరార్జీ దేశాయ్ దగ్గర్నుంచి ఆర్థిక శాఖ తీసేసిన మూడు రోజులకే, 19వ తేదీన, 50 కోట్లకు పైగా డిపాజిట్లున్న 14 బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్స్ వచ్చింది. సంతకం చేసింది తాత్కాలిక రాష్ట్రపతి వి.వి.గిరి. మర్నాడే ఆయన రాజీనామా చేశారు. రాష్ట్రపతి ఎన్నికలో ఆయన ఓడించింది కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డిని. 1970 ఫిబ్రవరి 10న జాతీయీకరణను సవాలు చేసిన ఆర్.సి.కూపర్ కేసులో సుప్రీంకోర్టు 10-1 మెజారిటీతో చట్టం కొట్టేస్తే, నాలుగు రోజులకే కొత్త ఆర్డినెన్స్. పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో పెట్టిన ఆంధ్రా బ్యాంకు వంతు 1980లో వచ్చింది.

జాతీయీకరణకు ముందు 8 వేల పైచిలుకున్న శాఖలు 1990కి దాదాపు 60 వేలయ్యాయి. దీన్ని చిన్నచూపు చూసే జవాబులు నాకు నచ్చవు. అలాగని అందరికీ అప్పు దొరికిందని రాయడమూ నిజం కాదు. పాసుపుస్తకం యజమాని పేరున ఉంటుంది, సేద్యం కౌలు రైతు చేస్తాడు. 1990లో 10 వేల రూపాయల దాకా మాఫీ చేసినా, 2008లో చిన్న, సన్నకారు రైతుల బకాయిలు మొత్తం మాఫీ చేసినా అవి సంస్థల అప్పులే. రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవాడికి వాటిలో దక్కింది సున్నా. ఆంధ్రప్రదేశ్‌లో 2011లో కౌలు రైతులకు రుణ అర్హత కార్డుల చట్టం, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చాయి. రుణమాఫీ మీద జవాబు రాసేటప్పుడు ఈ రెండు చట్టాల పేర్లు లేకుండా వదలకండి.

ప్రాక్టీసుకి ఒక ప్రశ్న ఇస్తున్నాను, 250 పదాల్లో రాయండి: "1896లో అమెరికా రైతు డబ్బు విలువ తగ్గించమని అడిగాడు, 1969 తర్వాత భారత రైతు అడిగింది బ్యాంకు తలుపు తెరవమని. ఈ తేడాకు కారణాలేమిటి?" 1938 చట్టాన్ని ఈ రెండింటి మధ్యలో ఎక్కడ పెట్టాలో ముందే ఆలోచించుకుని మొదలుపెట్టండి.