విశాఖ తాడు ఇంగ్లండ్ పోటుకు చాలదు

ఫిషింగ్ హార్బర్ చుట్టుపక్కల పెరిగినవాళ్లకు ముడి వేయడం ఎవరూ నేర్పక్కర్లేదు. సౌతాంప్టన్ వైపు ఉద్యోగాలు చేసుకుంటూ, వేసవిలో తొలిసారి సెయిలింగ్ బోటు అద్దెకు తీసుకునే మన వైజాగ్ వాళ్లకు చిక్కు వచ్చేది తాడు పొడవు దగ్గర. విశాఖలో అమావాస్యకీ పౌర్ణమికీ కూడా పోటుకూ పాటుకూ మధ్య తేడా సుమారు 1.5 మీటర్లే. సౌతాంప్టన్‌లో అది 4 మీటర్లు, బ్రిస్టల్ దగ్గరి ఏవన్‌మౌత్‌లో 12 దాటుతుంది. నిండు పోటులో రేవు గోడకు బిగించి కట్టి ఊళ్లోకి వెళ్తే, ఆరు గంటల తర్వాత బోటు తాళ్లకు వేలాడుతుంటుంది. ముడి బరువుకు బిగుసుకుపోయి రాదు, క్లీట్ (బోటు మీద తాడు చుట్టే కొమ్ము) ఊడినా ఊడుతుంది.

అందుకే మొదటి యాత్రలో రాత్రి బస తేలే పాంటూన్ (నడిచే వేదిక) ఉన్న మెరీనాలోనే (ఇలాంటి బోట్లు నిలిపే రేవులోనే) పెట్టుకోండి. పాంటూన్ నీటితోపాటే లేచి దిగుతుంది. మెరీనాలో బసకు తీసుకునే రుసుము బోటు పొడవును బట్టి ఉంటుంది, వేసవి శని ఆదివారాలకు ముందే ఫోన్ చేయాలి. చేరేముందు వీహెచ్ఎఫ్ రేడియో 80వ ఛానల్‌లో పిలిచి పొడవు, నీటిలో మునిగే లోతు చెప్పి, ఏ పక్క ఆనించాలో అడగండి. ఫెండర్లు (బోటుకు రాపిడి తగలకుండా అడ్డుపెట్టే మెత్తలు) ఆ పక్కకే వేలాడదీయాలి.

గోడే గతి అయితే ముందు, వెనక తాళ్లు ఆటుపోట్ల తేడాకు మూడింతలు ఉండాలి. 4 మీటర్లకు 12. వాటిని దూరంగా ఉన్న బొల్లార్డులకు (రేవు మీది కట్టుగుంజలకు) వేయండి. బోటు ముందుకూ వెనక్కూ జారకుండా స్ప్రింగ్ తాళ్లు (బోటు పక్కన ఏటవాలుగా కట్టేవి) రెండు వేయండి. తాడు నైలాన్‌దైతే కుదుపుకు సాగుతుంది. చవకైన పాలీప్రొపిలీన్ తాడు ఎండకు పెళుసెక్కుతుంది, పైగా తేలుతూ వచ్చి ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటుంది.

అడుగు లెక్క కూడా ముందే వేసుకోవాలి. చార్టులో (సముద్ర పటంలో, అతి తక్కువ పాటుకు ఇచ్చే) లోతు 1.2, దాని మీద ఆ రోజు పాటు ఎత్తు 0.5 అయితే మొత్తం 1.7 మీటర్లు. కీల్ (బోటు అడుగున ఉండే రెక్క) 1.5 మీటర్లు దిగితే మిగిలేది 20 సెంటీమీటర్లు. కొత్తవాళ్లకు అది చాలదు, అర మీటరైనా ఉండాలి. టైడ్ టేబుల్ (ఆటుపోట్ల వేళల పట్టిక) జీఎంటీలో ఉంటే, గడియారాలు గంట ముందుండే వేసవిలో గంట కలపడం చాలామంది మర్చిపోతారు. పెద్ద పోటు కూడా సరిగ్గా పౌర్ణమి నాడు కాదు, ఒకటి రెండు రోజుల తర్వాత వస్తుంది.

పొద్దున్నే ఇంజన్ ఆయిల్, కూలెంట్, బెల్టు, బిల్జ్ (బోటు అట్టడుగు భాగం) నీళ్లు చూడండి. స్టార్ట్ చేయగానే వెనక ఎగ్జాస్ట్ నుంచి నీళ్లు పడుతున్నాయా అన్నది ముఖ్యం. పడకపోతే వెంటనే ఆపేయండి. సీకాక్ (ఇంజన్‌ను చల్లబరిచే సముద్రపు నీటిని లోపలికి వదిలే వాల్వు) తెరవకపోయినా, నాచు అడ్డుపడినా రబ్బరు ఇంపెల్లర్ (ఆ నీటిని తోడే చక్రం) పొడిగా తిరిగి క్షణాల్లో చిరిగిపోతుంది. అద్దె బోట్లలో తరచూ పాడయ్యేవాటిలో అదొకటి.

వంట గ్యాస్ గాలికంటే బరువు. లీకైతే బిల్జ్‌లోకి దిగి అక్కడే నిలిచిపోతుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. 2023 నవంబరులో విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు పక్కపక్కనే ఉండటంతో మంట ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎలా పాకిందో మనకు తెలిసిందే. రద్దీ రోజుల్లో ఇంగ్లండ్ రేవుల్లోనూ వేరే బోటుకు ఆనించి కట్టమంటారు. అప్పుడు పక్క బోటు మీదే భారం వేయకుండా ఒడ్డుకు మీ సొంత తాళ్లు రెండు వేయండి. స్టవ్ ఆర్పాక వాల్వ్ మాత్రం సిలిండర్ దగ్గరే మూసేయండి.