లాపాజ్‌కి పసిపిల్లలతో

బరంపురంలో ఎవరు కనబడినా "అంత ఎత్తుకి పిల్లల్ని ఎలా తీసుకెళ్ళేవమ్మా?" అనే అడుగుతున్నారు. మన ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తయిన దేవమాలి కొండే 1,672 మీటర్లు. బొలీవియాలో లాపాజ్ ఊరే దాదాపు 3,600 మీటర్ల మీదుంది, విమానం దిగే ఎల్ ఆల్టో 4,000 దాటేసింది. పిల్లల డాక్టరుగారిని అడిగే బయల్దేరాం. దిగాక పరుగులు బంద్. నీళ్ళు, సూపు, నిద్ర, అంతే.

మావాడికి అన్నిటికన్నా నచ్చినవి జీబ్రాలు! జీబ్రా వేషం కట్టిన కుర్రాళ్ళు చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తారు, గీత దాటిన బళ్ళ ముందు గెంతులేస్తారు. 2001 నుంచీ ఉందిట ఈ ఏర్పాటు. ఠాకురాణి జాతరలో పులివేషం చూస్తే నా కొంగులో దూరే పిల్లాడు, అక్కడ జీబ్రా తోక వదల్లేదు.

ఊళ్ళో తిరగడానికి 2014లో మొదలైన రోప్‌వేలున్నాయి. టాక్సీ కన్నా నాకవే నయం, పిల్లలకి కిటికీ గొడవుండదు. ఎర్ర లైను శ్మశానం మీదుగా పోతుంది, ప్రశ్నలకి సిద్ధపడి ఎక్కండి.

అన్నం సంగతి మాత్రం వినండి. అంత ఎత్తులో నీళ్ళు 88 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, గిన్నెలో బియ్యం ఓ పట్టాన ఉడకవు. కుక్కరున్న బస చూసుకోండి, లేదా ఇంటి నుంచే మోసుకెళ్ళండి.